ఏడున్నర గ్రాముల గాలి

రేడియో ఇంజనీరింగ్ పుస్తకం ఏది తిరగేసినా ఒక గ్రాఫు ఎదురవుతుంది. అడ్డంగా ఫ్రీక్వెన్సీ, నిలువుగా కిలోమీటరుకు సిగ్నల్ ఎన్ని డెసిబెల్స్ పోగొట్టుకుంటుందన్న లెక్క. గీత 22 గిగాహెర్ట్జ్ దగ్గర కొంచెం ఎత్తవుతుంది, 60 దగ్గర బాగా లేస్తుంది, 118 దగ్గర సన్నగా పొడుచుకొస్తుంది, 183 దగ్గర నిట్టనిలువుగా పైకి పోతుంది. 60, 118 ఆక్సిజన్ పని. 22, 183 నీటి ఆవిరి పని. గ్రాఫు కింద చిన్న అక్షరాల్లో ఒక షరతు ఉంటుంది: పీడనం 1013 హెక్టోపాస్కల్స్, ఉష్ణోగ్రత 15 డిగ్రీలు, ఘనమీటరు గాలిలో ఆవిరి 7.5 గ్రాములు. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ తన పి.676 సిఫారసులో ప్రామాణికంగా చూపే అంకెలివి.

ఆ గాలి ఎవరిది? మనది మాత్రం కాదు. జూన్‌లో విశాఖ తీరాన మంచుబిందు ఉష్ణోగ్రత 26 డిగ్రీలుంటే ఘనమీటరు గాలిలో దాదాపు 24 గ్రాముల ఆవిరి ఉన్నట్టు. పుస్తకంలో ఉన్నదానికి మూడింతల పైమాటే. పోనీ పొడిగా ఉండే చోటికి వెళదాం. రోహిణీ కార్తెలో రామగుండం, 42 డిగ్రీల ఎండ, తేమ 20 శాతం. పెదవులు పగిలిపోయే గాలి. లెక్క వేస్తే అందులోనూ 11 గ్రాములు తేలుతుంది. శాతం అనేది ఆ వేడికి గాలి ఎంత ఆవిరి పట్టగలదో దాంతో పోల్చి చెప్పే మాట. తరంగానికి ఆ పోలికతో పనిలేదు, దారిలో ఎన్ని అణువులున్నాయన్నదే దానికి లెక్క. 15 డిగ్రీల దగ్గర ఏడున్నర గ్రాములంటే 58 శాతం తేమ. యూరప్ వాళ్ళకు ఆహ్లాదమైన గాలి. మనకు చలికాలంలో, ఉత్తరం నుంచి పొడిగాలి వీచే కొన్ని రోజుల్లో తెలంగాణ మీద దొరికితే దొరుకుతుంది.

నీటి ఆవిరి మిల్లీమీటర్ తరంగాలను ఎలా మింగుతుందన్న ప్రశ్న మీద ఎనభై ఏళ్ళుగా పని జరిగింది. అందులో సగం తేలిపోయింది, సగం ఇంకా నలుగుతోంది. తేలనిది పొడి దేశాలకు పెద్దగా అక్కర్లేని సగం, మన తీరానికి బాగా కావలసిన సగం.

ముందు తేలినదాని సంగతి. నీటి అణువులో ఆక్సిజన్ వైపు రుణావేశం, రెండు హైడ్రోజన్‌ల వైపు ధనావేశం ఒరిగి ఉంటాయి. ఈ ఒరుగు 1.85 డిబైలు, అంత చిన్న అణువుకు అది ఎక్కువే. అటువంటి అణువు తిరుగుతుంటే విద్యుత్ క్షేత్రం దాన్ని పట్టుకోగలదు. అయితే అణువు తనకిష్టమైన వేగంతో తిరగలేదు. క్వాంటం నియమాలు కొన్ని మెట్లే ఇస్తాయి. ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు ఎక్కడానికి కావలసిన శక్తి సరిగ్గా ఏ ఫ్రీక్వెన్సీ తరంగంలో ఉందో ఆ తరంగాన్నే అది మింగుతుంది. 22.235, 183.31, 325.15, ఆపైన 380, 557 గిగాహెర్ట్జ్. ఆక్సిజన్ అణువుకు ఈ విద్యుత్ ఒరుగు లేదు. దానికున్నది అయస్కాంత గుణం, అది బలహీనం. కానీ గాలిలో అయిదో వంతు ఆక్సిజనే కాబట్టి బలహీనతను సంఖ్యతో పూడ్చుకుంటుంది. సముద్రమట్టంలో 60 గిగాహెర్ట్జ్ దగ్గర కిలోమీటరుకు దాదాపు 15 డెసిబెల్స్ తినేస్తుంది.

డెసిబెల్ లెక్క తెలియనివారికి: మూడు పోతే సగం మిగులుతుంది, పది పోతే పదో వంతు, ఇరవై పోతే నూరో వంతు.

నీటి గీతలన్నీ సమానం కావు. ప్రామాణిక గాలిలో 22 గిగాహెర్ట్జ్ దగ్గర నష్టం కిలోమీటరుకు 0.2 డెసిబెల్ కూడా ఉండదు. 183 దగ్గర 30కి కాస్త తక్కువ. 557 దగ్గర వేలల్లో. 22 గీత ఇంత నీరసంగా ఉండటానికి ఒక కారణం, ఆ మింగుడు మొదలయ్యే మెట్టు చాలా పైన ఉండటం. మామూలు వేడిలో అంత ఎత్తున కొద్దిపాటి అణువులే ఉంటాయి. 183 గీత మెట్టు కింద ఉంది, అక్కడ రద్దీ ఎక్కువ. ఇంకొక విషయం: నేల దగ్గర గాలిలో అణువులు ఒకదాన్నొకటి ఎడతెరిపి లేకుండా ఢీకొంటుంటాయి, దాంతో గీత పక్కలకు పరుచుకుంటుంది. సముద్రమట్టంలో 22 గీత మధ్య నుంచి అటూ ఇటూ మూడేసి గిగాహెర్ట్జ్ దాకా బలంగా ఉంటుంది. పైకి వెళ్ళేకొద్దీ పీడనం తగ్గి గీత సన్నబడుతుంది. గీత వెడల్పు చూసి ఆవిరి ఏ ఎత్తులో ఉందో చెప్పవచ్చన్న ఊహకు మూలం ఇదే. అదెంత పనికొచ్చిందో తరవాత చూద్దాం.

ఈ 22 గీతను కనిపెట్టిన కథలో యుద్ధం ఉంది, మొండితనం ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా రాడార్లు 10 సెంటీమీటర్ల తరంగాల నుంచి మూడుకు, అక్కడి నుంచి 1.25 సెంటీమీటర్లకు, అంటే 24 గిగాహెర్ట్జ్‌కు దిగాయి. తరంగం పొట్టిదైతే అదే యాంటెనాతో బొమ్మ స్పష్టంగా వస్తుంది, విమానంలో చోటు కలిసొస్తుంది. హార్వర్డ్ భౌతిక శాస్త్రవేత్త జాన్ వాన్ వ్లెక్ 1942లోనే లెక్కలు కట్టి, ఈ తరంగదైర్ఘ్యానికి దగ్గర్లో నీటి ఆవిరి గీత ఉండే అవకాశముందని నివేదిక రాశాడు. బెల్ ల్యాబ్స్‌లో రాడార్ల మీద పనిచేస్తున్న చార్లెస్ టౌన్స్ కూడా అదే భయంతో పైవాళ్ళను హెచ్చరించాడు. నిర్ణయం అయిపోయింది, తయారీ సాగుతోంది, ఇప్పుడేం ఆపుతామన్నట్టు జవాబొచ్చింది. అక్షరాలా సర్కారీ జవాబు.

ఆ జవాబు ఖరీదు మనమే లెక్కేసుకోవచ్చు. ఉష్ణమండల సముద్రం మీది గాలిలో 24 గిగాహెర్ట్జ్ దగ్గర నష్టం కిలోమీటరుకు 0.4 డెసిబెల్ అనుకుందాం. ఓడ 40 కిలోమీటర్ల దూరంలో ఉంది. రాడార్ కిరణం వెళ్ళి రావాలి, మొత్తం 80 కిలోమీటర్లు. 32 డెసిబెల్స్ హరీ. దూరం వల్ల పోయేది పోగా, తిరిగొచ్చే ప్రతిధ్వనిలో వెయ్యో వంతు కూడా మిగలదు. ప్రయోగశాలలో దివ్యంగా పనిచేసిన రాడార్ ఉక్కపోత సముద్రం మీద చూపు తగ్గి కూర్చుంది. ఈ బ్యాండ్‌కు పెట్టిన పేరు ‘కె’. తరవాత ఇంజనీర్లు మధ్య ముక్కను వదిలేసి కిందది ‘కెయు’, పైది ‘కెఎ’ అని విడగొట్టుకున్నారు. ఇవాళ ఇంటి మీది డిష్ టీవీ గిన్నె కెయు బ్యాండ్‌లో పనిచేయడం వెనక ఈ పాత దెబ్బ నీడ కొంత ఉంది.

యుద్ధం ముగిసేసరికి మిగిలిపోయిన ఆ సామగ్రే భౌతిక శాస్త్రానికి పెట్టుబడి అయింది. రాబర్ట్ డికీ బృందం తాము తయారుచేసిన రేడియోమీటర్‌ను ఫ్లోరిడాకు తీసుకెళ్ళి ఆకాశం వైపు తిప్పి ఆవిరి శోషణను కొలిచింది. 1946లో ఫలితం అచ్చయింది. ఆవిరి తను మింగే ఫ్రీక్వెన్సీలోనే శక్తిని వెలువరిస్తుంది కూడా, కాబట్టి ఆకాశం ఎంత ‘వెచ్చగా’ కనిపిస్తే అంత ఆవిరి ఉన్నట్టు. అదే ఏడాది కొలంబియా విశ్వవిద్యాలయంలో బెకర్, ఆట్లర్ రాగి గోడల పెద్ద పెట్టెలో ఆవిరి నింపి గీతను నేరుగా కొలిచారు. వాన్ వ్లెక్ సిద్ధాంతం 1947లో ఫిజికల్ రివ్యూలో వచ్చింది. టౌన్స్ విషయానికొస్తే, రాడార్ల దగ్గర నేర్చిన విద్యను అణువుల వర్ణపటం మీదికి మళ్ళించి 1954లో మేసర్ (లేజర్‌కు మైక్రోవేవ్ పూర్వరూపం) తయారుచేశాడు, 1964లో నోబెల్ పంచుకున్నాడు. 1969లో ఆయన ఉన్న బృందమే నక్షత్రాల మధ్య మేఘాల్లో ఇదే 22 గిగాహెర్ట్జ్ గీతను పట్టుకుని, అక్కడా నీరుందని చెప్పింది. ఎవరూ వినని హెచ్చరికకు ఇంత ఫలితం రావడం అరుదు.

గీతలు ఎక్కడున్నాయో, ఎంత బలమో, ఎంత వెడల్పో, ఇదంతా తేలిన సగం. పేచీ గీతల మధ్య ఉన్న చోట్లది. 35, 94, 140, 220 గిగాహెర్ట్జ్‌ల చుట్టూ ఉన్న ఈ చోట్లను కిటికీలంటారు. ఉపయోగపడేవీ ఇవే. తెలిసిన గీతలన్నిటి శోషణనూ కూడితే ఈ కిటికీల్లో ఇంత నష్టం ఉండాలని ఒక అంకె వస్తుంది. నిజంగా కొలిస్తే అంతకంటే ఎక్కువ వస్తుంది. డికీ, వాన్ వ్లెక్‌ల కాలంలోనే ఈ తేడా బయటపడింది. ఏ గీతకూ చెందని ఈ అదనపు శోషణ ఎక్కడా తెగకుండా, ఫ్రీక్వెన్సీ వర్గంతో పాటు పెరుగుతూ పోతుంది. దీన్ని కంటిన్యూయం అంటారు.

ఎందుకొస్తుంది? ఒక పక్షం, దూరాన ఇన్‌ఫ్రారెడ్ వైపున్న బలమైన గీతల తోకలు మనం అనుకున్న ఆకారంలో లేవు, ఆ తోకలే ఇక్కడిదాకా ఈడ్చుకొస్తున్నాయంటుంది. ఇంకో పక్షం, రెండు నీటి అణువులు హైడ్రోజన్ బంధంతో కాసేపు అతుక్కుని జంట అవుతాయి, ఆ జంటలే మింగుతున్నాయంటుంది. రెండో వాదానికి బలమైన సాక్ష్యం ఒకటుంది. వేడి పెరిగితే ఈ శోషణలో ఒక భాగం వేగంగా పడిపోతుంది. జంటలూ వేడికి అలాగే విడిపోతాయి. 2013లో రష్యాలోని నిజ్నీ నోవ్‌గొరోద్‌లో ట్రెట్యకోవ్ బృందం గది వేడిలోనే ఆవిరిలో జంటల గుర్తులను మిల్లీమీటర్ తరంగాలతో నేరుగా చూసింది. నా మటుకు జంటల పక్షం గెలిచిందనే అనిపిస్తుంది, కనీసం ఈ ఫ్రీక్వెన్సీల్లో. అయినా మొత్తం కంటిన్యూయం వాటిదే అని చెప్పే స్థితి రాలేదు. ఇంజనీర్లు మాత్రం సిద్ధాంతం తేలేదాకా ఆగలేదు. అమెరికాలోని బౌల్డర్‌లో హాన్స్ లీబె ప్రయోగశాల కొలతలతో కట్టిన నమూనా, 1998లో రోజెన్‌క్రాంజ్ సరిదిద్దినది, ఇవే ఇప్పటికీ ఆధారం. వాటిలో కంటిన్యూయం అంటే కొలతలకు సరిపోయేలా అమర్చిన రెండు గుణకాలు.

రెండు గుణకాలు ఎందుకంటే కంటిన్యూయం రెండు ముక్కలు. ఒకటి నీటి అణువు నైట్రోజన్, ఆక్సిజన్‌లతో ఢీకొన్నప్పటిది. ఆవిరి రెట్టింపైతే ఇదీ రెట్టింపవుతుంది. రెండోది నీటి అణువు నీటి అణువుతోనే తారసపడినప్పటిది. ఆవిరి రెట్టింపైతే ఇది నాలుగింతలవుతుంది. ఇక్కడే ఏడున్నర గ్రాముల గ్రాఫు మనల్ని మోసం చేస్తుంది. రోజెన్‌క్రాంజ్ గుణకాలు పెట్టి లెక్క వేస్తే, ప్రామాణిక గాలిలో ఈ రెండో ముక్క మొత్తం కంటిన్యూయంలో మూడో వంతు కంటే తక్కువ. విశాఖ జూన్ గాలిలో సగం. ఆవిరి మూడింతల పైన కాస్త పెరిగితే కిటికీలో నష్టం నాలుగింతలవుతుంది. 94 గిగాహెర్ట్జ్ దగ్గర పుస్తకం చెప్పే నష్టం కిలోమీటరుకు 0.4 డెసిబెల్ లోపే. తీరంలో ఒకటిన్నరకు దగ్గర. ఇది సుమారు లెక్కే, ఒకటి రెండు దశాంశాలు అటూ ఇటూ కావచ్చు. అటూ ఇటూ ఎందుకవుతుందో కూడా చెప్పాలి: నమూనాలో అన్నిటికన్నా తక్కువ నమ్మదగిన భాగమే మన గాలిలో పెద్దదవుతోంది. ప్రయోగశాల కొలతలకు అమర్చిన గుణకాన్ని తీరపు ఉక్కలోకి లాక్కొచ్చి వాడుతున్నాం.

న్యాయంగా చెప్పాలంటే టెలికమ్యూనికేషన్ యూనియన్ దీన్ని దాచలేదు. సూత్రంలో ఏ ఆవిరి సాంద్రతైనా పెట్టుకోవచ్చు. ప్రపంచమంతటి ఆవిరి పటాలు వేరే సిఫారసులో ఇచ్చింది. తప్పు గ్రాఫును కాపీ కొట్టేవాళ్ళది.

ఇక ఈ నష్టం ఎవరికి తగులుతుంది? 5జీ మిల్లీమీటర్ తరంగాల మీద రాసే వ్యాసాల్లో సగం గాలిలో తేమ సిగ్నల్‌ను చంపేస్తుందని మొదలవుతాయి. అది నిజం కాదు. 28 గిగాహెర్ట్జ్ దగ్గర ఎంత ఉక్కపోతలోనైనా ఆవిరి నష్టం కిలోమీటరుకు అర డెసిబెల్‌కు మించదు. ఫోనుకూ టవర్‌కూ మధ్య 200 మీటర్లుంటే పదో వంతు డెసిబెల్. ఏ ఫోనూ దాన్ని గుర్తించలేదు. ఈ తరంగాలను నిజంగా ఆపేవి గోడలు, వేపచెట్టు కొమ్మలు, పట్టుకున్నవాడి అరచేయి. తరవాత వాన. ఆవిరి వేరు, వాన వేరు. ఆవిరి విడివిడి అణువులు. వాన చినుకు తరంగం పొడవుతో పోల్చదగ్గ నీటి ముద్ద, అది మింగడమే కాక చెదరగొడుతుంది కూడా. గంటకు 50 మిల్లీమీటర్ల వాన పడుతుంటే 28 గిగాహెర్ట్జ్ దగ్గర కిలోమీటరుకు ఎనిమిది, తొమ్మిది డెసిబెల్స్ పోతాయి. 80 దగ్గర పద్దెనిమిది దాకా. టవర్ నుంచి టవర్‌కు ఫైబర్‌కు బదులు వాడే 71–86 గిగాహెర్ట్జ్ లింకుల్ని మన ఊళ్ళలో పొట్టిగా ఉంచడానికి కారణం ఈ వానే. 2014 జనవరిలో శ్రీహరికోట నుంచి వెళ్ళిన జీశాట్-14లో 20.2, 30.5 గిగాహెర్ట్జ్ బీకన్‌లు పెట్టింది కూడా మన వానలు, మబ్బులు, తేమ కెఎ బ్యాండ్‌ను ఎంత దెబ్బతీస్తాయో నేల మీద కూర్చుని కొలవడానికే.

కారుకు బిగించే 77 గిగాహెర్ట్జ్ రాడార్‌దీ ఇదే కథ. దాని చూపు రెండు, మూడు వందల మీటర్లే కాబట్టి ఆవిరితో పేచీ లేదు.

మరి ఆవిరి ఎప్పుడు లెక్కలోకొస్తుంది? దూరం కిలోమీటరు దాటినప్పుడు, ఫ్రీక్వెన్సీ 100 దాటినప్పుడు. 6జీ పేరుతో పరిశోధకులు చూస్తున్న 140 గిగాహెర్ట్జ్ పరిసరాలు సరిగ్గా అలాంటివి. అక్కడ ఆక్సిజన్ పోటు లేదు, 183 గీత తోక ఇంకా దూరం, ఉన్నదంతా దాదాపు కంటిన్యూయమే. పుస్తకపు గాలిలో కిలోమీటరుకు డెసిబెల్ ఒకటి. కాకినాడ గాలిలో మూడున్నర, నాలుగు. లింకు చిన్నదైతే యాంటెనా పెంచి సర్దుకోవచ్చు. కానీ వాన రోజుకు అరగంటో గంటో పడి పోతుంది. ఉక్కపోత మేలో మొదలైతే అక్టోబరు దాకా పోదు. వాన నష్టం అప్పుడప్పుడూ వచ్చేది, ఆవిరి నష్టం అయిదారు నెలలు కదలకుండా ఉండేది. లింకు రూపకల్పనలో రెండూ ఒకే పద్దు కింద వేయకూడదని నా అభిప్రాయం.

ఒకరికి నష్టమైన గీత ఇంకొకరికి పనిముట్టు. వాతావరణ శాస్త్రం ఈ గీతలను వాడుకున్నంతగా ఇంకెవరూ వాడుకోలేదు. మొదటి ప్రయత్నాల్లో ఒకటి భూమి మీద కాదు, శుక్రుడి మీద: 1962 డిసెంబరులో శుక్రగ్రహం పక్కనుంచి వెళ్ళిన మారినర్-2లో రేడియోమీటర్‌కు 13.5 మిల్లీమీటర్ల చానల్ పెట్టారు, అంటే ఆవిరి గీత మీదనే. మన దేశం ఆలస్యం చేయలేదు. 1979 జూన్‌లో వెళ్ళిన భాస్కర-1లోని సమీర్ రేడియోమీటర్ 19, 22 గిగాహెర్ట్జ్‌లలో సముద్రాన్ని చూసింది. 1981 నవంబరులో భాస్కర-2 దానికి 31 కూడా చేర్చింది. సముద్రాన్నే ఎందుకంటే, నీటి ఉపరితలం ఈ ఫ్రీక్వెన్సీల్లో ‘చల్లగా’ కనిపిస్తుంది. ఆ చల్లటి వెనకతెర మీద ఆవిరి వెచ్చగా తేలుతుంది. నేల తానే వెచ్చగా కనిపిస్తుంది కాబట్టి దాని మీది ఆవిరిని 22 గీతతో ఉపగ్రహం నుంచి చూడటం గోధుమరంగు గోడ మీద గోధుమరంగు పిండి చల్లి వెతకడమే.

ఆ ఇబ్బందిని 183 గీత దాటుతుంది. అది ఎంత బలమైనదంటే దాని నడిమధ్యలో పైనుంచి చూసేవాడికి నేలా సముద్రమూ ఏవీ కనిపించవు, పై పొరల ఆవిరే కనిపిస్తుంది. మధ్య నుంచి పక్కకు జరిగేకొద్దీ చూపు కిందికి దిగుతుంది. 2011 అక్టోబరు 12న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ18 మీద వెళ్ళిన మేఘా-ట్రోపిక్స్ ఈ సూత్రం మీద కట్టిన ఉపగ్రహం. ఇస్రో, ఫ్రాన్స్ అంతరిక్ష సంస్థ కలిసి చేసింది. అందులోని సఫీర్ పరికరం 183.31కి అటూ ఇటూ 0.2 గిగాహెర్ట్జ్ నుంచి 11 దాకా ఆరు చోట్ల వింటూ, ఆరు ఎత్తుల్లో తేమను అంచనా వేసింది. కక్ష్య భూమధ్యరేఖకు 20 డిగ్రీలే వంగి ఉండటంతో ఉష్ణమండలం మీదికి రోజుకు చాలాసార్లు వచ్చేది. ధ్రువాల మీదుగా తిరిగే ఉపగ్రహం రోజుకు రెండుసార్లే వస్తుంది. బంగాళాఖాతంలో తుఫాను పుట్టే రోజుల్లో ఈ తేడా చిన్నది కాదు. దీనితో పాటు వెళ్ళిన మద్రాస్ పరికరం మాత్రం 2013 మొదట్లోనే పాడైంది. ప్రాజెక్టు సగం పోయిందని అప్పుడు పెదవి విరిచినవాళ్ళున్నారు. సఫీర్ సమాచారాన్ని తరవాత యూరప్ వాతావరణ కేంద్రం కూడా తన అంచనాల్లో కలుపుకుంది. 2023 మార్చి 7న ఇస్రో ఆ ఉపగ్రహాన్ని అదుపులో కిందికి దింపి పసిఫిక్ మీద ముగించింది.

నేల మీద నుంచి చూసే పద్ధతికి మన దగ్గరి చిరునామా తిరుపతి దగ్గర గాదంకి. జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలోని మైక్రోవేవ్ రేడియోమీటర్ ఆకాశం వైపు తిరిగి 22 నుంచి 30 గిగాహెర్ట్జ్ దాకా ఆవిరిని, 51 నుంచి 59 దాకా ఆక్సిజన్ ద్వారా ఉష్ణోగ్రతను కొలుస్తుంది. అంతరిక్షం చల్లటి వెనకతెర కాబట్టి కింది నుంచి 22 గీత చక్కగా పనికొస్తుంది. వాతావరణ బెలూన్‌ను రోజుకు రెండుసార్లు ఎగరేస్తారు. రేడియోమీటర్ నిమిషాల లెక్కన చెబుతుంది. ఉరుముల మబ్బు లేవడానికి ముందు గంటల్లో ఆవిరి ఎలా పేరుకుంటుందో అక్కడి కొలతల్లో కనిపించింది, ముందస్తు హెచ్చరికకు దాన్ని ఎలా వాడవచ్చో అక్కడి శాస్త్రవేత్తలు 2013లోనే ప్రచురించారు. కిటికీ ఫ్రీక్వెన్సీల్లో కంటిన్యూయాన్ని మన ఉక్కలోనే కొలిచి సరిచూడాలంటే దారి కూడా ఇదే: పక్కనే బెలూన్, పైకి చూసే రేడియోమీటర్, దానికి 90, 150 గిగాహెర్ట్జ్ చానళ్ళు. చవకైన పని కాదు, అసాధ్యమూ కాదు.

ఖగోళ శాస్త్రవేత్తలది వేరే దారి; వాళ్ళు ఆవిరితో పోరాడరు, పారిపోతారు. తలపైనున్న ఆవిరినంతా నీళ్ళుగా మారిస్తే ఎంత లోతవుతుందో చెప్పే కొలత ఒకటుంది. వర్షాకాలంలో మన తీరంలో అది 60 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. లద్దాఖ్‌లోని హాన్లేలో, 4500 మీటర్ల ఎత్తున, చలికాలంలో రెండు మిల్లీమీటర్ల లోపు. చిలీలో 5000 మీటర్ల ఎత్తునున్న ఛాహ్‌నాంటోర్ పీఠభూమి మీద మంచి రాత్రుల్లో ఒకటి. దక్షిణ ధ్రువం చలికాలంలో ఇంకా తక్కువ. 230 గిగాహెర్ట్జ్ దగ్గర ఒక మిల్లీమీటరు ఆవిరి గుండా నూటికి తొంభైకి పైగా శక్తి కిందికి చేరుతుంది. విశాఖలో వర్షాకాలపు రోజున అయిదు పాళ్ళు కూడా చేరదు. 2017 ఏప్రిల్‌లో ఎం87 గెలాక్సీ నడిమధ్యనున్న కృష్ణబిలాన్ని ఇదే ఫ్రీక్వెన్సీలో చూసిన టెలిస్కోపులు చిలీ, హవాయి, అరిజోనా, మెక్సికో, స్పెయిన్ కొండల మీదే ఉండటం యాదృచ్ఛికం కాదు. ఆ జాలంలో ఉన్న దక్షిణ ధ్రువపు టెలిస్కోపుకు ఎం87 దిగంతం కిందే ఉండిపోతుంది, అది వేరే సంగతి.

ఆవిరి మింగడమే కాదు, తరంగాన్ని ఆలస్యం చేస్తుంది కూడా. మిల్లీమీటరు ఆవిరి ఉంటే తరంగానికి దారి ఆరున్నర మిల్లీమీటర్లు పెరిగినట్టు. తరంగమే ఒక మిల్లీమీటరు పొడవున్నప్పుడు ఇది ఘోరమైన తప్పు. వేర్వేరు యాంటెనాల మీద వేర్వేరు ఆవిరి దాటుతుంటే బొమ్మ చెదిరిపోతుంది. అందుకని చిలీలోని ఆల్మా టెలిస్కోపు తన 12 మీటర్ల యాంటెనాలకు ఒక్కోదానికి 183 గిగాహెర్ట్జ్ రేడియోమీటర్ తగిలించింది. అది సెకను సెకనుకూ తలపై ఆవిరిని కొలుస్తుంది, ఆలస్యాన్ని లెక్కగట్టి తీసేస్తారు.

చివరికి ఈ గీత రాజకీయాల్లోకీ వచ్చింది. ఉపగ్రహాలు ఆవిరిని చూసేది 22.235 మీద కాకుండా చాలాసార్లు 23.8 గిగాహెర్ట్జ్ మీద. గీత భుజం మీద ఉన్న ఆ చోట శోషణ ఆవిరి ఏ ఎత్తులో ఉందన్నదాని మీద పెద్దగా ఆధారపడదు, మొత్తం ఎంతుందో సూటిగా చెబుతుంది. ప్రకృతి నిర్ణయించిన చోటది. వేరే ఫ్రీక్వెన్సీకి మారిపొమ్మంటే ఆవిరి వినదు. అందుకే 23.6–24 గిగాహెర్ట్జ్ మధ్య ఎవరూ ప్రసారం చేయకూడదని అంతర్జాతీయ నిబంధన. 5జీకి ఇచ్చిన బ్యాండ్ 24.25 నుంచి మొదలవుతుంది. 250 మెగాహెర్ట్జ్ ఎడం. టవర్ సిగ్నల్ పక్కకు ఒలికితే ఉపగ్రహం దాన్ని వినేస్తుంది. ఎంత ఒలకనివ్వవచ్చన్న దాని మీద 2019లో పెద్ద గొడవ జరిగింది. 200 మెగాహెర్ట్జ్‌కు మైనస్ 20 డెసిబెల్ వాట్లు చాలన్నది అమెరికా టెలికాం కమిషన్. మైనస్ 42 కావాలన్నది యూరప్. మైనస్ 55 అన్నది ప్రపంచ వాతావరణ సంస్థ. రెండు చివరల మధ్య తేడా మూడు వేల రెట్లు. అమెరికా వాతావరణ సంస్థ నోవా తాత్కాలిక అధిపతిగా ఉన్న నీల్ జేకబ్స్ ఆ ఏడాది మేలో అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందు, అంచనాల నాణ్యత 30 శాతం దాకా పడిపోయి 1980 నాటి స్థాయికి చేరవచ్చన్నారు. టెలికాం పక్షం ఆ లెక్కను ఒప్పుకోలేదు.

ఆ ఏడాదే ఈజిప్టులోని షర్మ్ అల్ షేక్‌లో జరిగిన ప్రపంచ రేడియో సదస్సు మధ్యేమార్గం చూసింది. బేస్ స్టేషన్లకు మైనస్ 33. 2027 సెప్టెంబరు 1 తరవాత వాడుకలోకి వచ్చే వాటికి మైనస్ 39. అంతకుముందే వచ్చినవి పాత పరిమితి మీదే కొనసాగవచ్చు. మన దేశం 2022లో వేలం వేసిన 26 గిగాహెర్ట్జ్ బ్యాండ్ సరిగ్గా ఈ 24.25 నుంచే మొదలవుతుంది. స్పెక్ట్రం అమ్ముడైంది కానీ ఆ బ్యాండ్‌లో టవర్లు ఇంకా పలచగానే ఉన్నాయి. ఎక్కువ భాగం ఆ తేదీ దాటాక పెడితే కఠినమైన పరిమితి కిందికొస్తాయి, ముందే పెడితే రావు.

ఈ ఒలకడంలో ప్రమాదం ఏమిటంటే అది ప్రమాదంలా కనిపించకపోవడం. గట్టిగా ఒలికితే ఉపగ్రహ సమాచారంలో మచ్చ తెలిసిపోతుంది, తీసి పారేస్తారు. కొద్దిగా ఒలికితే రేడియోమీటర్‌కు సముద్రం మీద రవ్వంత వెచ్చదనం కనిపిస్తుంది, అంటే కాస్త ఎక్కువ ఆవిరి. దాన్ని నమ్మి లెక్కల నమూనా లేని తేమను గాలిలో పెట్టుకుంటుంది. లోతట్టు ఊళ్ళ మీద ఈ చానల్‌ను ఆవిరి కొలతకు ఎలాగూ అంతగా నమ్మరు. చిక్కంతా విశాఖ, కాకినాడ, చెన్నైల లాంటి చోట్ల, ఉపగ్రహపు ఒకే చూపులో సగం టవర్లు, సగం బంగాళాఖాతం పడేచోట.